మీ సెటిల్మెంట్ పూర్తయింది

మొన్నీమధ్య పెన్షన్ పని మీద మా పాత బ్రాంచికి వెళ్తే, కొత్తగా చేరిన ఒకమ్మాయి కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, "మేడమ్, మీరు డిజిటల్ పేమెంట్స్‌లో చేశారట కదా, మేం ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. "ముందు తెలుగు నేర్చుకో తల్లీ" అన్నాను. పిల్ల ఫక్కున నవ్వింది. నేను పరాచికాలాడుతున్నాననుకుంది పాపం. ఆ అమ్మాయి కోసమూ, ఆమె తర్వాత ఆ సీట్లో కూర్చోబోయే వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

మాది హన్మకొండ. వరంగల్‌లో ఒక బ్యాంకులో క్లర్కుగా చేరి ఆఫీసరుగా బయటికొచ్చాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, అవి గుర్తుపెట్టుకునేంత గొప్పవి కావు. చివరి కొన్నేళ్లు నన్ను వ్యాపారుల విభాగంలో వేశారు. బజార్లో కొట్టుకొట్టుకీ తిరిగి క్యూఆర్ బోర్డు పెట్టించడం, డబ్బు రాగానే అరిచి చెప్పే స్పీకరు డబ్బా ఇప్పించడం, ఫోన్లో యాప్ ఎలా చూసుకోవాలో నేర్పించడం నా పని. రిటైరయ్యే వయసులో ఎండలో తిప్పుతున్నారని తోటివాళ్లు జాలిపడ్డారు. నాకైతే అప్పుడే ఊపిరాడింది! అన్నేళ్లు అద్దం వెనక కూర్చున్న మనిషిని ఒక్కసారి బజార్లోకి వదిలారు. పొద్దున స్కూటీ తీస్తుంటే ఎగ్జిబిషన్‌కు బయల్దేరిన చిన్నపిల్లలా ఉండేది నాకు.

ఆ ఉద్యోగం నాకు నేర్పిన దాంట్లో చాలా భాగం ఒక్క మాట వల్లనే తెలిసింది. ఆ మాట సెటిల్మెంట్.

అసలు అర్థం

దుకాణంలో ఒకావిడ దుప్పటి కొని, ఫోన్‌తో బోర్డు స్కాన్ చేసి డబ్బు పంపిందనుకోండి. డబ్బా వెంటనే డబ్బు వచ్చిందని అరుస్తుంది. దుకాణదారు దుప్పటి చేతికిచ్చేస్తాడు. అయితే ఆ క్షణానికి ఆ డబ్బు అతని ఖాతాలో పడలేదు. అతని తరఫున మా బ్యాంకు అందుకుంది. రోజంతా ఇలా వచ్చినవన్నీ కూడి, ఎవరికైనా వాపసు ఇవ్వాల్సింది ఉంటే తీసేసి, మిగిలింది బ్యాంకు దుకాణదారు ఖాతాలో వేస్తుంది. అలా వేయడాన్ని మా వృత్తిలో సెటిల్మెంట్ అంటారు. కొందరికి అదే రోజు అవుతుంది, కొందరికి మర్నాడు పొద్దున.

ఇంతే సంగతి. ఇందులో బెదిరిపోవాల్సింది ఏమీ లేదు. కానీ మా డిపార్టుమెంటులో చేరిన కుర్రాళ్లు ఈ మాటను మంత్రంలా వాడేవారు. "సెటిల్మెంట్ సైకిల్ అవ్వలేదండీ" అని ఒక కూరగాయలామెకు చెప్తుంటే విన్నాను. ఆమె తన మనవడి సైకిల్ సంగతి అడుగుతున్నారనుకుంది. మీరు అలా చేయకండి. అవతలి మనిషికి అర్థం కాని మాట మాట్లాడితే మీ చదువు కనపడుతుందేమో గానీ పని మాత్రం జరగదు.

తెర మీది తెలుగు

మా యాప్ మొదట ఇంగ్లీషులోనే ఉండేది. బజార్లో సగంమంది పెద్దవాళ్లు అందులో వచ్చే సందేశాలను తెరిచేవారు కాదు. ఫోన్ టింగుమంటే జేబులోంచి తీసి, ఒకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకునేవారు. దాంతో హైదరాబాద్‌లోని మా పెద్దాఫీసు యాప్‌ను తెలుగు చేయాలని నిర్ణయించింది. ఆ మాట వినగానే నేను ఎగిరి గంతేశాను. బజారులో తిరిగే మనిషిని కాబట్టి, తయారైన తెలుగును ఒకసారి చూసిపెట్టమని నాకూ పంపారు.

చూశాను. ఆ రోజు నవ్విన నవ్వుకు పక్క సెక్షన్ వాళ్లు లేచి వచ్చారు. అనువాదం ఎవరు చేశారో, ఏ డిక్షనరీ చూసి చేశారో! డబ్బు పంపడం కుదరకపోతే "మీ చెల్లింపు అనుత్తీర్ణమైంది" అని ఉంది. పాపం ఆ దుకాణదారు తానెప్పుడు పరీక్ష రాశానా అని తలగోక్కోవాలి. సెటిల్మెంట్‌కు ఏం పెట్టారో తెలుసా? స్థిరనివాసం! "మీ స్థిరనివాసం రేపు పొద్దుటికి పూర్తవుతుంది." మనుషులు ఊరు కట్టుకుని ఉండిపోవడానికి కూడా ఇంగ్లీషులో అదే మాట కదా, ఆ అర్థం తెచ్చి ఇక్కడ అతికించారు.

మా పై అధికారి మూర్తి గారికి ఫోన్ చేశాను. మూర్తి గారు కోస్తా మనిషి, నెమ్మదస్తుడు, పనిమంతుడు. ఒక కాగితం ఒకసారి ఆయన బల్ల దాటి వెళ్లిందంటే ఇక అందులో తప్పు ఉండదని నమ్మడమే ఆయన బలహీనత. స్థిరనివాసం గురించి చెప్తే ఆయనా నవ్వారు. వెంటనే దాన్ని కొట్టేసి, "సెటిల్మెంట్" అన్న ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో పెట్టించారు.

"అందరికీ తెలిసిన మాటే కదమ్మా" అన్నారు.

"మా వరంగల్‌లో అందరికీ బాగా తెలుసు సార్. నా భయం అదే" అన్నాను.

మా దగ్గర భూమి తగాదా వచ్చినా, పాలోళ్ల మధ్య, అంటే దాయాదుల మధ్య, ఇల్లు పంచుకోవాల్సి వచ్చినా, కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందని కొందరు ఒక పలుకుబడి ఉన్న మనిషి దగ్గరికి వెళ్తారు. ఆయన రెండు పక్షాలనూ పిలిపించి, నయానో భయానో తేల్చేసి, మధ్యలో తన వంతు తాను తీసుకుంటాడు. బజార్లో సెటిల్మెంట్ అంటే అది. ఆ మాట వింటే మంచివాళ్లు గొంతు తగ్గిస్తారు. ఇదంతా మూర్తి గారికి వివరంగా చెప్పాను. "మీ ఊరివాళ్లకి ప్రతిదానిలోనూ గొడవే కనిపిస్తుందమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశారు. తెలుగు యాప్ బజార్లోకి వచ్చేసింది.

పెళ్లిళ్ల కాలంలో షట్టర్ దిగింది

సోమయ్య, నాగరాజు అన్నదమ్ములు. వరంగల్ బజార్లో వాళ్లకు జంపఖానాలు, దుప్పట్లు, తువ్వాళ్ల దుకాణం ఉంది. ఊళ్లోనే ఉన్న కాశిబుగ్గ నేత ఇళ్ల నుంచి వచ్చే మంచి సరుకంతా వాళ్ల దగ్గర దొరుకుతుంది. తండ్రి పోయాక తమ్ముణ్ణి అన్నే పెంచి, పెళ్లి చేశాడు. అన్న గల్లా దగ్గర కూర్చుంటే, తమ్ముడు సరుకు పరిచి చూపిస్తాడు. బోర్డు మీది పేరూ, బ్యాంకు ఖాతా అన్నీ సోమయ్యవే. ఆ దుకాణానికి క్యూఆర్ పెట్టించింది నేనే.

తెలుగు యాప్ వచ్చిన మర్నాడు పొద్దున నాగరాజు ఫోన్ చేశాడు.

"మేడమ్, అన్న దుకాణం బంద్ వెట్టిండు. గిరాకీని సుత బయటికి పంపిండు. మీ యాప్‌ల ఏందో సదివిండట. జర రారాదుండ్రి."

వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది. వర్ధన్నపేట నుంచి పెళ్లి సామాను కొనడానికి వచ్చిన కుటుంబం ఒకటి మెట్ల మీద నిలబడి బిత్తరచూపులు చూస్తోంది. సోమయ్య పై మెట్టు మీద కూర్చున్నాడు, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో ఫోన్. నాగరాజు కరెంటు స్తంభం పక్కన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. నన్ను చూడగానే సోమయ్య లేచి ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"సదువుండ్రి మేడమ్. జోరుగ సదువుండ్రి. అందరికి ఇనవడాలె."

తెరిచి చూశాను. "మీ సెటిల్మెంట్ పూర్తయింది" అని ఉంది. ఆయన చదివిన మొట్టమొదటి సందేశం అదే. ఇంతకాలం ఇంగ్లీషులో ఇదే రోజూ వచ్చేది, చూసేవాడు కాదు. తెలుగు కనపడేసరికి సంబరంగా చదివాడు, చదివి కుప్పకూలాడు.

"నన్నడగలే, నన్ను పిలువలే. నా తమ్ముడు నా ఎనుక సెటిల్మెంట్ చేపిచ్చిండు. అయిపోయిందట! ఫోన్‌ల చెప్తాండ్రు! కొడుకు లెక్క సాకిన మేడమ్ వీన్ని" అని తాళంచెవితో తమ్ముణ్ణి చూపించాడు. "నాయిన వెట్టిన దుకాణం ఇది. ఎవడో బయిటోడు అచ్చి గీత గీసి పంచుతె నేను సూడాల్నా? తాళం ఎయ్యనీకి నాకు అధికారం ఉన్నదో లేదో ఇప్పుడే తేలాలె."

ఆ పెళ్లివారిలో ఒక పెద్దావిడ, "అయ్యా, మీ సెటిల్మెంట్ జల్ది కానియ్యుండ్రి, మా పెండ్లి ఎల్లుండె ఉన్నది" అని బతిమాలింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. కానీ నిజం చెప్తున్నాను, లోపల ఒక పక్క ఉత్సాహం పొంగింది. ఇన్నాళ్లూ ఆఫీసులో నేను మొత్తుకున్న మాట నా కళ్లముందు నడిబజార్లో నిలబడింది!

"సోమయ్యన్నా, షోలాపూర్‌కెంచి మీకు సరుకు బేలు అస్తది గదా" అన్నాను.

"అస్తది. గిప్పుడు గదెందుకు?"

"అక్కడ లారీ ఎక్కంగనే మీకు ఫోన్ జేస్తరు. కని సరుకు మీ దుకాణంల దిగినట్టా?"

"యాడ దిగుతది? లారీ రావాలె, హమాలీ దించాలె."

"గట్లనే. డబ్బా ఒర్రిందంటె మీ పైసలు లారీ ఎక్కినయ్. పొద్దుగాల మీ ఖాతాల దిగినయ్. దిగుడునే మా బ్యాంకోళ్లు సెటిల్మెంట్ అన్నరు. ఎవలు ఎవల్ని పంచలే అన్నా. నిన్నటి మీ గిరాకీ పైసలు మీకు అచ్చినయ్, గంతే."

సోమయ్య ఫోన్ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. యాప్‌లో ఖాతా తెరిచి చూపించాను. నిన్నటి అమ్మకం, ఇవాళ పొద్దున పడిన డబ్బు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"గంతేనా?" అన్నాడు.

"గంతే."

"మరి పైసలు పడ్డయని రాస్తె మీ సొమ్మేం బోతది!" అని కోప్పడి, పెద్దగా నవ్వి, షట్టర్ ఎత్తేశాడు. పెళ్లివాళ్లు లోపలికి ఉరికారు. ఆ మాట మూర్తి గారి చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఏ సమీక్షా సమావేశంలోనూ అంత మంచి సలహా నేను వినలేదు.

తమ్ముడు చెప్పింది

పెళ్లివాళ్ల సామానంతా నాగరాజే కట్టించి పంపాడు. వాళ్లు వెళ్లాక, నేనూ లేవబోతుంటే, "మేడమ్, జర కూసోండ్రి" అన్నాడు. అన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఫోన్‌ల అచ్చింది సెటిల్మెంట్ గాదు. కని నేను పొయ్యిన. నిజంగనే పొయ్యిన."

సోమయ్య మడతపెడుతున్న తువ్వాలను అలాగే పట్టుకుని ఆగిపోయాడు. "ఎవలి దగ్గరికి?"

నాగరాజు పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ అక్కరలేదు.

"ఏమన్నడు?"

"అన్నను తీస్కరా, కూసోవెట్టి పంచాయితి తెంపుత అన్నడు. మల్ల పోలే. మనసొప్పలే."

"నేనేం తక్కువ జేసిన్రా నీకు?"

"ఏం తక్కువ జెయ్యలే. అన్నం వెట్టినవ్, పెండ్లి జేసినవ్. కని పిల్లకు చెప్పులు కొనాల్నన్నా నీ దిక్కు సూడాలె. నువ్వు ఎన్నడు లేదనలే. లేదనకున్నా అడగాలె గదన్నా! పొద్దందాక గా డబ్బా పైసలచ్చినయ్, పైసలచ్చినయ్ అని ఒర్లుతది. అండ్ల ఒక్కటి సుత నాది గాదు. నలభై ఏండ్లు అచ్చినయ్ నాకు."

ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, గట్టిగా వినపడాలని దాని గొంతు పెంచి వెళ్లింది నేనే. అది రోజంతా ఈ మనిషి చెవిలో ఏం చెప్తోందో నాకెలా తెలుస్తుంది? సోమయ్య తువ్వాల మడత పూర్తిచేసి పక్కన పెట్టి, తమ్ముడితో కాకుండా నాతో మాట్లాడాడు.

"మేడమ్, దుకాణం రెండు చేసుడు నాతోని గాదు. బోర్డు ఒక్కటే ఉండాలె, గల్లా ఒక్కటే ఉండాలె. కని అచ్చే పైసలు తొవ్వలనే రెండైతె ఎట్లుంటది? నా చెయ్యి తాకకుంట వానివి వానికే పోవాలె. అట్లాంటిది మీ దాంట్ల ఉంటదా?"

"ఉంటది!" అని నేను అరిచిన అరుపుకు ఎదురు దుకాణం వాళ్లు తొంగిచూశారు.

దానికీ ఒక పేరుంది

ఉన్నమాట నిజమే. ఆన్‌లైన్లో ఎందరో అమ్మకందార్ల సరుకు ఒకేచోట అమ్మే పెద్ద కంపెనీలకు ఇలాంటి సదుపాయం ఉంటుంది. కొన్నవాడు ఒకేసారి డబ్బు కడతాడు. ముందే కుదుర్చుకున్న వాటాల ప్రకారం బ్యాంకు దాన్ని విడదీసి ఎవరి ఖాతాలో వాళ్లది వేస్తుంది. దాని పేరు స్ప్లిట్ సెటిల్మెంట్. ఆ పేరు మాత్రం ఆ దుకాణంలో నా నోటి వెంట రానివ్వలేదు. ఒక్క సెటిల్మెంట్‌కే షట్టర్ దిగింది, దానికి ముందు స్ప్లిట్ కూడా తగిలిస్తే అన్న ఏమైపోయేవాడో! "ఎవలి పాలు వాళ్ల ఖాతాల పడ్తది" అన్నాను. ఇద్దరికీ వెంటనే అర్థమైంది.

స్కూటీ దగ్గరికి కూడా పోకుండా మూర్తి గారికి ఫోన్ కలిపాను. జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "సరే, తప్పు నాదే. ఏం మాట పెడదాం?" అన్నారు. అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. ఈ వృత్తిలో నేను చూసిన అధికారుల్లో అలా అన్నవాళ్లు చాలా తక్కువ. మీకు అలాంటివాళ్లు దొరికితే ట్రాన్స్‌ఫర్ అడగకండి.

"మా దగ్గర డబ్బు అందితే ముట్టింది అంటారు సార్. మీ సొమ్ము మీకు ముట్టింది అని పెట్టండి" అన్నాను.

"అమ్మా, ముట్టడమంటే మా వైపు తాకడం. ముట్టించడమంటే నిప్పు పెట్టడం. ముట్టజెప్పడమంటే పేపర్లో లంచాల వార్త. మీ ఊళ్లో ఒక్క షట్టరే దిగింది, ఇది పెడితే ఏకంగా నా ఉద్యోగమే దిగిపోతుంది."

ఈసారి నేను ఓడిపోయాను, నవ్వుతూనే ఓడిపోయాను. ఇద్దరం ఫోన్‌లోనే వాదులాడుకుని చివరికి జమ దగ్గర ఆగాం. అటువాళ్లకూ ఇటువాళ్లకూ, బడికి వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ ఆ మాట ఒకటే. "మీ దుకాణానికి వచ్చిన డబ్బు మీ ఖాతాలో జమ అయింది." మీరు ఇవాళ మా యాప్‌లో చూస్తున్న వాక్యం అలా పుట్టింది.

రెండో కోరిక చెప్పేసరికి మాత్రం ఆయన బిగుసుకున్నారు. "జంపఖానాల కొట్టుకు వాటాల సదుపాయమా? అది పెద్ద కంపెనీల కోసమమ్మా. ఇంతవరకు ఒక్క చిన్న దుకాణమూ అడగలేదు."

"అలాంటిది ఉందని ఎవరైనా చెప్తే కదా సార్ అడిగేది" అన్నాను. "ఒక అన్నదమ్ముల పంచాయితీ బయటి మనిషి చేతిలో పడకుండా ఆపే పని మన చేతిలో ఉంది. మన మాటతోనే గొడవ మొదలైంది, మనమే తెంపుదాం."

ఆయన మర్నాటికల్లా అనుమతి తెచ్చారు. నాకోసం తెచ్చారో, ఆ మాట పెట్టినందుకు మనసు పీకి తెచ్చారో అడగలేదు. నేను మళ్లీ దుకాణానికి వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరికెంత అని అడిగాను. నాగరాజు నోరు విప్పేలోపే, "సగం సగం" అన్నాడు సోమయ్య. "అన్నా, కిరాయి, కరెంటు..." అని నాగరాజు ఏదో అనబోతే, "అయి సుత సగం సగమే. ఇగ నువ్వు సుత సేటువే గదా, కట్టుకో" అన్నాడు.

మొదటి పొద్దు

కొత్త పద్ధతి మొదలైన మర్నాడు పొద్దున నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. అది నా డ్యూటీ కాదు, ఎవరూ రమ్మనలేదు. అయినా దుకాణం తెరిచేసరికి అక్కడున్నాను. కొత్త సదుపాయం పనిచేస్తుందో లేదో చూడాలని ఇంట్లో పిల్లలకు చెప్పి బయల్దేరాను గానీ, అసలు నేను చూడాలనుకుంది నాగరాజు మొహం.

సోమయ్య ఫోన్ ముందు మోగింది. గట్టిగా చదివాడు. "జమ అయింది." నాగరాజు తన ఫోన్‌ను దుప్పట్ల దొంతర మీద పెట్టి, చూడనట్టు నటిస్తూ సరుకు సర్దుతున్నాడు. అది మోగలేదు. కాసేపయింది, ఇంకా మోగలేదు. మూర్తి గారి నంబరు తీసి చేతిలో పట్టుకున్నాను.

"మేడమ్, వానిది మోగుతలేదేంది?" అన్నాడు సోమయ్య. కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "నాది ముంగట పడి వానిది ఎనుక పడుడేంది? మీ బ్యాంకుల సుత పెద్దోడు చిన్నోడు ఉన్నరా?"

అప్పుడు మోగింది.

నాగరాజు ఫోన్ తీసి చదువుకున్నాడు. ఇంకోసారి చదువుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, మెట్లు దిగి రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

"ఏమైంది మేడమ్ వీనికి?" అని సోమయ్య కంగారుపడ్డాడు. తక్కువ పడిందా, ఎక్కడైనా తేడా వచ్చిందా అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. అంతలో నాగరాజు మూడు చాయ్ గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని జాగ్రత్తగా రోడ్డు దాటి వచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. ఇంకొకటి అన్న ముందు పెట్టాడు.

"గల్లాలకెంచి తీసినవా?" అన్నాడు సోమయ్య, అలవాటు కొద్దీ.

"నాయే అన్నా."

సోమయ్య గ్లాసు అందుకున్నాడు. సగం తాగేదాకా తల ఎత్తలేదు. తర్వాత భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు. "రేపు తక్కువెయ్యుమను."